పది తక్కువ నాలుగు

ఒకుతాని, నవంబర్ 8

అక్కా,

కొండ మీద ఆకులు ఎర్రబడ్డాయి అని రాసి ఉత్తరం మొదలుపెట్టాలి. అమ్మ మనకి నేర్పిన పద్ధతి అదే. కానీ మా ఇంటి వెనక కొండ సగం కిందికి వచ్చేసింది, మిగతా సగం మీద నీలం టార్పాలిన్లు కప్పారు. ఎర్రబడటానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

ఫుకి పోయిన నలభై తొమ్మిదో రోజు కర్మకి నేను కోబె వచ్చాను. నీ ఫ్లాటు తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. లోపల్నుంచి అగరొత్తుల వాసన, నీ చెప్పుల చప్పుడు. తలుపుకున్న కన్నంలోంచి నన్ను చూశావని తెలుసు, అక్కడ వెలుతురు మారింది. మూడు గంటలు కూర్చున్నాను. మీ పక్కింటావిడ జాలిపడి మోకాళ్ళ కింద వేసుకోమని దిండు తెచ్చిచ్చింది. నువ్వు తలుపు తియ్యలేదు. ఎందుకు తియ్యలేదని అడిగే మొహం నాకు లేదు. సెలవులకని నా దగ్గరికి పంపిన నీ ఎనిమిదేళ్ళ కూతుర్ని పెట్టెలో పెట్టి పంపినదాన్ని.

నేను బతికి ఉన్నానంటే ఉన్నాను. ఫోన్ మోగితే నా కాళ్ళు చల్లబడతాయి, నోట్లో మట్టి రుచి వస్తుంది. మా ఆయన తత్సువో ఇంట్లో ఫోన్లన్నీ తీసి కొట్టంలో పెట్టాడు, తన ఫోన్ కూడా బయటే ఉంచి వస్తాడు. చినుకు పడితే కప్పు కింద ఉండలేను, గొడుగు వేసుకుని రోడ్డు మీద నిలబడతాను. రోజూ మధ్యాహ్నం నాలుగు కావస్తుంటే చేతులు వణకడం మొదలవుతుంది. గడియారం చూడక్కర్లేదు, చేతులే చెప్తాయి.

నువ్వు పదిహేనేళ్ళుగా ఇలాంటివాళ్ళనే బాగు చేస్తున్నావు. భూకంపాల్లో, మంటల్లో మిగిలినవాళ్ళంతా నీ దగ్గరికే వస్తారు. నాకు కూడా ఏం చెయ్యాలో చెప్పక్కా. లేదా చావమని చెప్పు, అదీ చేస్తాను.

కనాయె

*

కోబె, నవంబర్ 15

కనాయె,

వాతావరణం గురించి రాసే ఓపిక నాకు లేదు.

అవును, చూశాను. నీ జుట్టులోంచి పిన్ను ఊడి భుజం మీద వేలాడుతోంది, అది కూడా చూశాను. తలుపు తీస్తే ఏం చేసేదాన్నో నాకే తెలియదు, అందుకే తియ్యలేదు. చావమని నేను చెప్పను. అంత సుఖం నీకు నేనెందుకు ఇవ్వాలి?

నీకున్నది జబ్బే. దానికి పద్ధతి ఉంది. ఆ రోజు నీ ఒంట్లో ఇంకా అయిపోలేదు. అది అయిపోయేదాకా చెప్పాలి. కళ్ళు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా పైకి చెప్పు. జరిగింది అనకు, జరుగుతోంది అను. నిన్న కాదు, ఇప్పుడు. ఏం కనిపిస్తోంది, ఏం వినిపిస్తోంది, ఏం వాసన వస్తోంది. చెప్పాక కాగితం మీద పెట్టు. దాన్ని రోజూ పొద్దున్న గట్టిగా చదువు. చదివాక నీ బాధకి సున్నా నుంచి వంద వరకు ఒక అంకె వెయ్యి. మొదట్లో అంకె పెరుగుతుంది. భయపడి మానెయ్యకు, మానేస్తే ఇంకెప్పటికీ తగ్గదు.

నెలకోసారి ఆ కాగితం నాకు పంపు. ఫోన్ చెయ్యకు, నీ గొంతు నేను వినలేను.

సొంత మనుషులకి వైద్యం చెయ్యకూడదని మా పనిలో గట్టి నియమం ఉంది. అందుకని ఇది వైద్యం కాదు. అక్కాచెల్లెళ్ళు రాసుకునే ఉత్తరాలు. ఎవరడిగినా అదే చెప్పు.

ఇంకొకటి. నీ అంకె యాభై కిందికి దిగే వరకు నా గడప తొక్కకు. అప్పుడు వచ్చి ఫుకికి ఒక అగరొత్తి వెలిగించుకుని పో.

తొషియె

*

ఒకుతాని, డిసెంబర్ 10

అక్కా,

చేశాను. ఇదీ కాగితం.

"ఆగస్టు ఇరవై ఒకటి. వర్షం పడుతోంది. తత్సువో పట్నంలో ఉన్నాడు. నేనూ ఫుకీ వంటింట్లో ఉన్నాం. రెండు నలభైకి ఊరి మైకులో మొదటి హెచ్చరిక వస్తుంది, ముసలివాళ్ళు, పిల్లలు శిబిరం పెట్టిన బడికి వెళ్ళాలని. మేం ఇంట్లోనే ఉన్నాం. వెనక నుంచి చప్పుడు. వెనక గది లేదు, మట్టి ఉంది. నేను ముందు గుమ్మంలో ఉన్నాను. ఫుకి వెనక గదిలో ఉంది. తవ్వుతున్నాను. ఆరుకి మనుషులు వస్తారు. ఫుకిని తీస్తారు."

చదువుతుంటే మూడుసార్లు వాంతి అయింది. తత్సువో కాగితం లాక్కోబోతే కొట్టాను. పెళ్ళయిన పదేళ్ళలో మొదటిసారి.

అంకె తొంభై ఐదు.

కనాయె

*

కోబె, డిసెంబర్ 18

కనాయె,

ఇది పోలీసులకి ఇచ్చే వాంగ్మూలం. వాళ్ళకి ఇదే చెప్పి ఉంటావు, అందుకే ఇంత నున్నగా ఉంది.

వంటింట్లో ఏం చేస్తున్నారు? అది ఏం బట్టలు వేసుకుంది? నేను కొన్న చారల చొక్కానా, నీ చవక గౌనా? మధ్యాహ్నం ఏం తింది? ఆ ముందు ఆదివారం ఫోన్లో కింది పన్ను ఊగుతోందని చెప్పింది. ఊడిందా? ఆ పెట్టెలో నేను దాని పెదవులు విప్పి చూడలేకపోయాను.

చిన్నప్పటి నుంచీ నువ్వింతే. గిన్నె పగలగొట్టి ముక్కలు ఎత్తేసి, గిన్నె ఎప్పుడూ లేనట్టు మొహం పెట్టేదానివి. అమ్మ నమ్మేది, నేను నమ్మేదాన్ని కాదు. రెండు నలభైకీ మట్టికీ మధ్య గంట పైనే ఉంది. ఎక్కడ ఎత్తేశావు దాన్ని?

నా దగ్గరికి వచ్చేవాళ్ళకి నేను ఇలా రాయను. వాళ్ళతో ఎంత మెత్తగా మాట్లాడతానో చూస్తే నీకు ఏడుపొస్తుంది. కానీ నువ్వు నా చెల్లెలివి, మర్యాద ఆశించకు.

మళ్ళీ మొదటి నుంచి.

తొషియె

*

ఒకుతాని, జనవరి 22

అక్కా,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు పంపకూడదు కదా, ఇంట్లో చావు జరిగిన ఏడాది. పంపలేదు. రోజూ చదువుతున్నాను.

"వర్షం పడుతోంది. ఫుకి నువ్వు కొన్న చారల చొక్కా వేసుకుంది. మధ్యాహ్నం చల్లటి సన్న సేమియా తిన్నాం, ఫుకి రెండుసార్లు పెట్టించుకుంది. పచ్చి యుజు నిమ్మకాయల తొక్క గీరి, పచ్చిమిరపకాయలతో కలిపి రోట్లో నూరుతున్నాం. గ్లవ్స్ వేసుకోమంటే వినదు. చేతులు మండుతున్నాయని గెంతుతోంది. బియ్యం కడిగిన నీళ్ళలో చేతులు పెట్టిస్తున్నాను. పిన్నీ, ఈ నీళ్ళు మందా అని అడుగుతోంది. కాదు, రేపటి చారుకి అంటున్నాను. నవ్వుతోంది. కింది పన్ను లేదు. పందొమ్మిదిన ఊడింది. కింది పన్ను కప్పు మీదకి విసరాలని చెప్తే, అమ్మకి చూపించాలని అగ్గిపెట్టెలో దాచుకుంది.

రెండు నలభై. మైకు. మూడు పదికి మళ్ళీ మైకు, ఈసారి అందరూ బయల్దేరాలని. మేం ఇంట్లోనే ఉన్నాం. వెనక నుంచి చప్పుడు."

అగ్గిపెట్టె దొరకలేదక్కా. నెల రోజులు మట్టి జల్లెడ పట్టాను.

తొంభై. అంకె వేసేటప్పుడు ముందు ఎనభై అని రాసి కొట్టేశాను. అబద్ధం రాస్తే నీకు తెలిసిపోతుంది.

కనాయె

*

కోబె, ఫిబ్రవరి 5

కనాయె,

పన్ను సంగతి చదివి ఆ రోజు వచ్చినవాళ్ళందర్నీ వెనక్కి పంపేశాను. పదిహేనేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని. మా క్లినిక్ పెద్దాయన కుసునోకి గారు గదిలోకి వచ్చి బల్ల మీద నీ ఉత్తరం చూశారు. చదవలేదు, కవరు మీద పేరు చూశారంతే. "తొషియె, ఆపమ్మా. నువ్వు మీ చెల్లికి నయం చెయ్యడం లేదు, దాని లోపల దేవుకుంటున్నావు," అన్నారు. నేను మా చెల్లికి ఉత్తరం రాసుకోకూడదా అన్నాను. ఆయన తల వంచుకుని వెళ్ళిపోయారు. ఆ వంగిన తల చూస్తే అందరి మీదా కోపం వచ్చింది, నీ మీద ఎక్కువ.

ఆయనన్నది నిజమే. దేవుకుంటున్నాను. నా బిడ్డ చివరి మధ్యాహ్నం నీ ఒక్కదాని దగ్గరే ఉంది. అది నీ సొత్తు కాదు.

ఇప్పుడు చెప్పు. బడికి నడిస్తే పది నిమిషాలు. నేను కూడా నడిచాను ఆ దారిలో. రెండు నలభైకి చెప్పారు, మూడు పదికి మళ్ళీ చెప్పారు. మూడు నలభై నాలుగుకి కొండ జారిందని నివేదికలో ఉంది. ఊరంతా వెళ్ళింది. తొంభై ఏళ్ళ ముసలమ్మని తోపుడు బండిలో పెట్టుకుని తీసుకెళ్ళారు. నువ్వేం చేస్తున్నావు? మిరపకాయలు నూరుతున్నావా? జాడీలు సర్దుకుంటున్నావా? నీ పచ్చడి పాడవుతుందని నా కూతుర్ని కూర్చోబెట్టావా?

రాయి. రాసి రోజూ గట్టిగా చదువు. తత్సువో వినేలా చదువు.

తొషియె

*

ఒకుతాని, ఏప్రిల్ 14

అక్కా,

రెండు నెలలు ఉత్తరం రాయనందుకు క్షమించు. రాయలేక కాదు. నాకు నయమవుతోంది, ఆ మాట నీకు ఎలా రాయాలో తెలియలేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ గంట కూడా పూర్తిగా చెప్పుకున్నాను, రాసుకున్నాను, రోజూ చదివాను. తత్సువో ఎదురుగా కూర్చుని విన్నాడు. మొదటి వారం నా అంకె వందకి పోయింది. తత్సువో బయటికెళ్ళి పెరట్లో ఏడ్చి, మొహం కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. మూడో వారంలో ఒక రోజు చదువుతూ ఉంటే నాకు ఆకలేసింది. మధ్యలో ఆపి అన్నం తిన్నాను. అంత సిగ్గుగా ఎప్పుడూ తినలేదు, అంత రుచిగా కూడా.

మొన్న పెద్ద వాన పడింది. ఇంట్లోనే ఉన్నాను. కొట్టంలోకి వెళ్ళి ఫోన్ చేత్తో పట్టుకున్నాను. అది మోగలేదనుకో.

నలభై ఐదు.

యాభై కిందికి దిగితే రమ్మన్నావు. వచ్చే నెల రానా? ఫుకికి ఒక్క అగరొత్తి వెలిగించి వచ్చేస్తాను, నీతో మాట్లాడను.

ఆ గంట రాసిన కాగితం నా దగ్గరే ఉంది. అది నీకు పంపలేనక్కా. నా కోసం దాచడం లేదు. జాడీల కోసమే కూర్చున్నానని అనుకో, పచ్చడి కోసమే అనుకో. ఎంతమందికైనా చెప్పుకో. ఆ కాగితం మాత్రం అడక్కు.

కనాయె

*

కోబె, మే 2

కనాయె,

నలభై ఐదు! బాగుంది. అన్నం రుచిగా ఉందా? ఇంకొంచెం పెట్టుకోలేకపోయావా?

నాకు ఎంత ఉందో ఎప్పుడైనా అడిగావా? నీ అంకెలన్నీ నేను చదివాను, తొంభై ఐదు, తొంభై, నలభై ఐదు. ఏ ఒక్క ఉత్తరంలోనూ 'నీకెంత అక్కా' అని నీకు రాయబుద్ధి కాలేదు. నా చేత్తో నీకు మందు పోసి, నా ఎదురుగానే నిన్ను బాగు చేసుకున్నాను. ఇంతకన్నా తెలివితక్కువ మనిషి ఈ ఊళ్ళో ఉండదు.

రావద్దు. వస్తే ఈసారి తలుపు తీస్తాను, అందుకే రావద్దంటున్నాను.

నువ్వెందుకు దాస్తున్నావో నాకు తెలుసు. సెలవులకి పంపేటప్పుడు నేను రాసిచ్చిన కాగితం చాటున దాక్కోవాలని చూస్తున్నావు. అవును, రాశాను. 'నన్ను అడక్కుండా దాన్ని ఏ శిబిరంలోనూ పెట్టొద్దు' అని. బడి హాళ్ళలో చాపల మీద పడుకున్న పిల్లల్ని ఎంతమందిని చూశాను! అక్కడి అరుపులు, ఆ లైట్లు, పరాయి మగవాళ్ళు. ఆ భయం వాళ్ళ లోంచి తియ్యడానికి రెండేళ్ళు పడుతుంది నాకు. నా కూతురికి అది వద్దనుకున్నాను. పని తెలిసినదాన్ని కాబట్టి రాశాను. అంతేగానీ కొండ వచ్చి మీద పడుతుంటే కూర్చోమని రాశానా? నీ బుర్ర ఏమైంది?

సరే, ఇంకో సంగతి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు మూడు పన్నెండుకి నీ నంబరు నుంచి నాకు ఫోన్ వచ్చింది. నాకు తర్వాత తెలిసింది. మూడింటికి నా గదిలో మొరియ గారని ఒకాయన ఉన్నారు. మంటల్లో భార్య పోయింది. రెండేళ్ళుగా నోరు విప్పని మనిషి, ఆ రోజే మొదటిసారి చెప్తున్నారు. అలాంటప్పుడు మా ఫోన్లు సొరుగులో ఉంటాయి, చప్పుడు రాకుండా. పది తక్కువ నాలుగుకి ఆయన వెళ్ళాకే చూశాను. వెంటనే చేశాను. నాలుగుసార్లు చేశాను. నువ్వు ఎత్తలేదు.

ఆ ఫోన్ ఎవరు చేశారు? నువ్వా, అదా? ఎందుకు చేశారు? బయల్దేరుతున్నామని చెప్పడానికా? భయమేస్తోందని చెప్పడానికా? ఇది తెలియకుండా నేను ఇంకో ఏడాది బతకలేను. ఆ గంట కాగితం పంపు. పంపకపోతే నువ్వు నా చెల్లెలివి కావు, ఈ ఇంటి పేరు ఎత్తకు.

తొషియె

*

ఒకుతాని, జూలై 20

అక్కా,

రెండు నెలలు ఆలోచించాను. నువ్వు సొరుగు అని రాయకుండా ఉంటే పంపేదాన్ని కాదు. తప్పంతా నా మీదే వేసుకుని చచ్చేదాకా ఉండేదాన్ని, నాకు అలవాటైపోయింది. కానీ నువ్వు నా ముందు కూడా అబద్ధం ఆడావు. నా అబద్ధాల్ని ఏడు నెలలు గోళ్ళతో గీకి తీసినదానివి.

ఇదీ కాగితం. నూట పదకొండు రోజులు చదివాను, ఇందులో ఒక్క మాట కూడా ఇప్పుడు నాకు గుచ్చుకోదు.

"మూడు పది. రెండోసారి మైకు. నేను చెప్పులు వేసుకోమంటున్నాను. ఫుకి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి నువ్వు రాసిచ్చిన కాగితం చదువుతోంది. పిన్నీ, అమ్మని అడగాలి అంటోంది. దారిలో అడుగుదాం అంటున్నాను. అడిగాకే వెళ్ళాలి, అమ్మ అలాగే రాసింది, అమ్మకి ఇవన్నీ తెలుసు అంటోంది. నేను నా ఫోన్ దానికి ఇస్తున్నాను. మూడు పన్నెండు. ఫుకి నీకు చేస్తోంది. రెండుసార్లు మోగుతుంది. కట్ అవుతుంది. వెంటనే నీ మెసేజ్ వస్తుంది. ఫుకి పైకి చదువుతోంది: 'ఇప్పుడు గదిలో ఉన్నాను. పది తక్కువ నాలుగుకి చేస్తాను.'

ఫుకి నవ్వుతోంది. అమ్మ యాభై నిమిషాల పనిలో ఉంది, మధ్యలో కదలకూడదు, ఆ మనిషికి దెబ్బ తగులుతుంది అని నాకు చెప్తోంది. నీలాగే వేలు ఎత్తి చెప్తోంది. నేను ఇప్పుడే వెళ్దాం అంటున్నాను. చెయ్యి పట్టుకుని లాగుతున్నాను. స్తంభాన్ని పట్టుకుంది. ఏడవడం లేదు, అమ్మ చెప్పింది కదా అంటోందంతే. నేను ఆ పిల్లని ఎత్తుకుని పరిగెత్తొచ్చు. ఎత్తుకోవడం లేదు. నాకు నువ్వంటే భయం అక్కా. శిబిరంలో పెట్టావా అని నువ్వు అరవడం ఇప్పుడే వినిపిస్తోంది. కూర్చుంటున్నాను.

గడియారం చూస్తున్నాం. మూడున్నర. మూడు ముప్పై ఎనిమిది. ఇంకో పన్నెండు నిమిషాలు పిన్నీ అంటోంది. అమ్మ సరే అనగానే బయల్దేరేలా సంచి సర్దుకుంటాను అంటూ వెనక గదిలోకి వెళ్తోంది. అమ్మ చేస్తే నేనే ఎత్తుతాను అని ఫోన్ చేతిలో పట్టుకెళ్తోంది. నేను గుమ్మంలో దాని చెప్పులు, నా చెప్పులు బయటి వైపు తిప్పి పెడుతున్నాను. వెనక నుంచి చప్పుడు.

వెనక గది లేదు. తవ్వుతున్నాను. చేతులతో. దూలం ఒకటి అడ్డంగా పడి ఉంది. దాని కింద నుంచి ఫోన్ మోగుతోంది. మట్టి లోపల. చేస్తున్నది నువ్వు. పది తక్కువ నాలుగు. నేను ఫుకీ అని అరుస్తున్నాను. మోగి ఆగుతుంది. మళ్ళీ మోగుతుంది. ఆ చప్పుడు వైపు తవ్వుతున్నాను. నాలుగుసార్లు మోగుతుంది. నాలుగోసారి మోగుతున్నప్పుడు లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు వినిపిస్తుంది, చెక్క మీద వేళ్ళతో కొట్టినట్టు. తర్వాత ఫోన్ ఆగిపోతుంది. కొట్టుకోవడం కూడా ఆగిపోతుంది. ఆరుకి మనుషులు వస్తారు. ఫోన్ మట్టిలోనే పోయింది."

చివరి చప్పుడు నాకు నిజంగా వినిపించిందో లేదో తెలియదు. రోజూ చదివినా అది మారలేదు, కాబట్టి వినిపించిందనే అనుకుంటున్నాను.

ఫోన్ పోయింది కాబట్టి ఆ మెసేజ్ సంగతి నాకు తెలియదని అనుకున్నావు. సొరుగులో ఉన్న ఫోన్ తనంతట తను మెసేజ్ పంపదక్కా. దాన్ని ఎవరో చేత్తో పట్టుకుని చూశారు, నా పేరు చూశారు, నొక్కారు.

నా అంకె పది. ఇక నాకు నీ ఉత్తరాలు అక్కర్లేదు.

ఇప్పుడు నీకు ఎంత అని అడుగుతున్నాను. నువ్వడిగావు కదా అడగలేదని. కళ్ళు మూసుకో. మొదటి నుంచి చెప్పు. జరిగింది అనకు, జరుగుతోంది అను. ఒక్క నిమిషం కూడా ఎత్తెయ్యకు, చిన్నప్పటి నుంచీ నీ సంగతి నాకూ తెలుసు.

వచ్చే నెల ఫుకికి మొదటి బోన్, పోయినవాళ్ళు ఇంటికి తిరిగొచ్చే పండగ. తెల్ల లాంతరు ఇక్కడే కడతాను, ఆ గది ఉన్న చోట. ఫుకి దారి వెతుక్కుంటూ వచ్చేది ఇక్కడికే, కోబెకి కాదు. నీ అంకె యాభై కిందికి దిగే వరకు నా గడప తొక్కకు.

కనాయె

*

కోబె, ఆగస్టు 12

కనాయె,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను.

"ఆగస్టు ఇరవై ఒకటి. మూడు గంటలు. నేను నా గదిలో ఉన్నాను. కిటికీ మీద వాన. మొరియ గారు ఎదురు కుర్చీలో ఉన్నారు. ఆయన భార్య గురించి చెప్తున్నారు. రెండేళ్ళలో మొదటిసారి. ఫోన్ నా ఒళ్ళో ఉంది. మూడు పన్నెండుకి మోగుతుంది. ఇప్పుడు ఎత్తితే ఈయన ఇంకెప్పుడూ నోరు విప్పరు. నీ పేరు చూసి నొక్కుతున్నాను."

అంకె అరవై.

ఇంతవరకూ రాసి గట్టిగా చదివాను. అరవైయేనా అని నాకే అనుమానం వచ్చింది. ఈ కథే కుసునోకి గారికి చెప్పాను. అంత్యక్రియల్లో అందరికీ చెప్పాను. నీకు రాసేటప్పుడు దానికి సొరుగు కూడా తగిలించాను. చెప్పిన ప్రతిసారీ జనం నా చెయ్యి పట్టుకుని, పాపం, ఒక ప్రాణం నిలబెట్టబోయి అన్నారు. ఇది వాంగ్మూలం. ఇంత నున్నగా ఉందంటే అందుకే.

మళ్ళీ మొదటి నుంచి.

"మూడు గంటలు. కిటికీ మీద వాన. మొరియ గారు రాలేదు. రైళ్ళు ఆగిపోయాయని కింద ఆఫీసు అమ్మాయి వచ్చి చెప్తోంది. సరే అంటున్నాను. తలుపు మూసుకుంటున్నాను. మనిషి రాకపోయినా ఆ యాభై నిమిషాలు ఆ మనిషివే. గది వదలకూడదు, వేరే పని పెట్టుకోకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. ఇది నా నియమం. కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరికీ నేనే నేర్పుతాను. పాటించనివాళ్ళని అందరి ముందూ చివాట్లు పెడతాను.

నా కుర్చీలో కూర్చున్నాను. చేతిలో చల్లటి బార్లీ టీ. ఫోన్ ఒళ్ళో ఉంది. మూడు పన్నెండు. మోగుతోంది. నీ పేరు. పన్ను ఊడిందని చెప్పడానికి ఫుకి చేస్తోందని అనుకుంటున్నాను. నవ్వొస్తోంది. గదిలో ఎవరూ లేరు. ఎత్తితే ఎవరికీ తెలియదు. టీ గ్లాసు కింద పెట్టి, నొక్కుతున్నాను. పది తక్కువ నాలుగుకి చేస్తాను అని పంపుతున్నాను. నియమం తప్పనందుకు నా మీద నాకు గర్వంగా ఉంది. గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంటున్నాను.

ముప్పై ఎనిమిది నిమిషాలు ఎదురుగా ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చున్నాను."

వంద.

రేపు పొద్దున్న మళ్ళీ చదువుతాను.

తొషియె